జెల్ డోసిమీటర్ ఆప్టికల్ స్కాన్‌లో సీసా గోడ దగ్గర డోస్ ఎక్కువ, అంచు మసక – ఎక్కడ తేడా కొడుతోంది?

నాగావళి_ఒడ్డు
ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. చదువు విజయనగరంలో, ఇల్లు శ్రీకాకుళం. రేడియోథెరపీ మిషన్ ఇచ్చే డోస్‌ని, అంటే రేడియేషన్ మోతాదుని, మూడు దిక్కులా ఒకేసారి కొలవాలన్నది పని. ఫెర్రస్ అమోనియం సల్ఫేట్, జైలినాల్ ఆరెంజ్, సల్ఫ్యూరిక్ యాసిడ్, 5 శాతం జెలటిన్ కలిపి జెల్ తయారుచేసి గాజు సీసాలో పోశాం. విశాఖలో ఒక ఆసుపత్రి వాళ్లు పేషెంట్లందరూ అయిపోయాక 6 ఎంవీ (మెగావోల్ట్) లినాక్ అనే రేడియోథెరపీ మిషన్ కింద పెట్టి, పైనుంచి 4×4 సెంటీమీటర్ల బీమ్ ఇచ్చారు. కిరణాలు తగిలినంత మేరా నారింజ రంగు పోయి ఊదా రంగొచ్చింది. పుస్తకంలో గీతలుగా చదువుకున్న బీమ్ సీసాలో నిలువునా కంటికి కనబడింది. ఆ క్షణం కోసమే ఈ ప్రాజెక్టు తీసుకున్నాననిపించింది.

చిక్కంతా స్కాన్‌తో వచ్చింది. స్కానర్ మేమే కట్టుకున్నాం. అక్రిలిక్ తొట్టి నిండా నీళ్లు, వెనకాల పసుపు ఎల్ఈడీ ప్యానెల్, ముందు కెమెరా, సీసాని తిప్పడానికి ఆర్డునోతో నడిచే స్టెపర్ మోటారు. రేడియేషన్‌కి ముందొకసారి, తర్వాతొకసారి చుట్టూ ఫొటోలు తీసి, రెండింటి నిష్పత్తికి లాగరిథమ్ తీసి, సీటీ స్కాన్‌లోలాగా సీసా లోపలి అడ్డకోతల (స్లైసుల) బొమ్మలు కంప్యూటర్‌లో కట్టాం (రీకన్‌స్ట్రక్షన్). సీసా గోడ వెంబడి డోస్ ఉన్నట్టు చూపిస్తోంది, అక్కడ అసలు బీమే పడలేదు. ప్రతి స్లైసులోనూ వలయాలున్నాయి. బీమ్ అంచు ఉండాల్సినదానికంటే మసకగా ఉంది. 10 సెంటీమీటర్ల లోతులో గరిష్ఠ డోస్‌లో 62 శాతం దరిదాపుల్లో రావాల్సింది 70 వస్తోంది. ఎంఆర్ఐలో చూద్దామని ఒకచోట అడిగితే స్లాట్ ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. చేతిలో ఉన్నది ఈ కెమెరా ఒక్కటే. తెలిసినవాళ్లు చెప్పండి.

లినాక్_కాపలా
మెడికల్ ఫిజిసిస్ట్‌ని. ముందు నా ప్రశ్నలకి జవాబులు ఇవ్వు తమ్ముడూ. బీమ్ ఇచ్చాక ఎంతసేపటికి స్కాన్ తీశారు? తొట్టిలో ఉత్తి నీళ్లేనా? రెండో స్కాన్‌కి సీసాని మొదటి స్కాన్‌లో ఉన్న కోణంలోనే పెట్టారా? కాలిబ్రేషన్ దేంతో చేశారు?

నాగావళి_ఒడ్డు
ఉత్తి నీళ్లేనండి. రైలు అందక బస్సులో వచ్చాం, ల్యాబ్ చేరి స్కాన్ మొదలయ్యేసరికి మూడు గంటలు. సీసా మూతమీద, మోటారు పళ్లెంమీద మార్కరుతో గీత పెట్టాం, కోణం కలుస్తుంది. కాలిబ్రేషన్‌కి అదే జెల్ చిన్న గాజు గొట్టాల్లో పోసి తెలిసిన డోసులు ఇప్పించాం.

లెన్సు_పిచ్చి
గోడ దగ్గర కనబడేది డోస్ కాదు, కాంతి వంగడం. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.333. 5 శాతం జెలటిన్ జెల్‌ది 1.342 దగ్గర ఉంటుంది. ఆ కొద్ది తేడాకే సీసా అంచున ఏటవాలుగా పోయే కిరణాలు పక్కకి తిరిగిపోతాయి, కెమెరాకి ఆ చోటు నల్లగా కనబడుతుంది. ముందు స్కాన్‌తో భాగిస్తే పోవాలి కదా అంటావేమో. రెండు స్కాన్ల మధ్య నీళ్ల వేడి ఒకటి రెండు డిగ్రీలు మారినా ఆ వంపు మారుతుంది, పూర్తిగా పోదు.

తొట్టి నీళ్లలో గ్లిజరిన్ కలుపు. బరువులో 8 శాతం దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో. సరిపోయిందో లేదో చూడ్డానికి తొట్టి వెనక నల్ల గీతల కాగితం అంటించి సీసా గుండా చూడు. గీత సీసా అంచు దాటేచోట విరక్కుండా తిన్నగా పోతే సరిపోయినట్టు. ఒకటే జాగ్రత్త, గ్లిజరిన్ కలిపిన వెంటనే స్కాన్ తియ్యకు. నీళ్లలో తీగల్లాగా కదులుతూ కనబడతాయి చూడు, అవన్నీ స్కాన్‌లోకి వచ్చేస్తాయి. ముందురోజు రాత్రే కలిపి మూతపెట్టి ఉంచు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
పై పోస్టుతో ఏకీభవిస్తాను గాని 70 శాతం సంగతి వేరు. అది చిన్న గొట్టాల వల్ల. చిన్న గొట్టం ఫ్రిజ్‌లో తొందరగా చల్లారుతుంది, పెద్ద సీసా నిదానంగా చల్లారుతుంది. జెలటిన్ గడ్డకట్టే తీరు మారితే డోస్‌కి వచ్చే రంగు మోతాదు కూడా మారుతుంది. పైగా ఈ జెల్‌లో ఫెర్రస్ తనంతట తానే గాలికి, వెలుతురుకి, వేడికి ఫెర్రిక్ అయిపోతూ ఉంటుంది. గొట్టాలూ సీసా ఒకే వేడిలో, ఒకే చీకట్లో ఉన్నాయా?

కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నా. రేడియేషన్ నీటి అణువుల్ని చీలుస్తుంది, అందులో పుట్టిన రాడికల్స్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి ఫెర్రస్ అయాన్‌ని ఫెర్రిక్ చేస్తాయి. ఆ ఫెర్రిక్‌ని జైలినాల్ ఆరెంజ్ పట్టుకుంటే ఊదా రంగు, 585 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీలుస్తుంది. ఎంత డోస్ పడితే అంత ఊదా. పసుపు ఎల్ఈడీ వాడేది అందుకే.

లినాక్_కాపలా
టీచరమ్మగారూ, గొట్టాల తేడా ఉండొచ్చు, కాదనను. కాని ఆలోచించండి. కాలిబ్రేషన్ మొత్తానికే ఒక గుణకంతో తప్పితే లోతు నిష్పత్తి మారదు కదండీ. గరిష్ఠ డోస్ దగ్గరా 10 సెంటీమీటర్ల దగ్గరా అదే గుణకం, భాగిస్తే పోతుంది. 62 కాస్తా 70 అయిందంటే డోస్ ఎక్కువున్నచోట తక్కువగా చదువుతోందన్నమాట. నా అనుమానం దారితప్పిన కాంతి మీద.

లెన్సు_పిచ్చి
అదే. ఎల్ఈడీ ప్యానెల్ మొత్తం వెలుగుతుంటే తొట్టి గోడలకి, లెన్సుకి తగిలి అటూఇటూ చెదిరి, నల్లగా కనబడాల్సిన చోట కూడా కొంత వెలుతురు కలుస్తుంది. ఊదా చిక్కగా ఉన్నచోటే నష్టం ఎక్కువ. పలచగా ఉన్నచోట పెద్దగా తెలియదు. ఎల్ఈడీ వెలుతురులో ఒక్క తరంగదైర్ఘ్యమే కాక అటూఇటూవి కలిసి ఉన్నా ఇదే లక్షణం, చిక్కటి చోట డోస్-రంగు గ్రాఫు గీత వంగిపోతుంది.

పరీక్ష చాలా తేలిక. సీసా తీసేసి దాని స్థానంలో నల్ల రంగు వేసిన ఇనుప కడ్డీ నిలబెట్టి ఫొటో తియ్యి. కడ్డీ మధ్యలో కెమెరా సున్నా చదవాలి. చదవకపోతే ఎంత చదివిందో అంతా దొంగ వెలుతురు.

పైడిమాంబ_వీధి
ఇంత చదివాక కూడా నాకు ఒక సందేహం తీరలేదు. ఆసుపత్రుల్లో డోస్ చూపించే ఫిల్ములున్నాయి, డిటెక్టర్లు వరసలుగా పేర్చిన ఎరేలున్నాయి. పది నిమిషాల్లో రిజల్ట్ వస్తుంది. జెల్ కాచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, బస్సులో మోసుకెళ్లి, ఇంత అవస్థ ఎందుకు? పిల్లల చేత పేపరు రాయించుకోడానికి తప్ప.

లినాక్_కాపలా
@పైడిమాంబ_వీధి మీ ప్రశ్న న్యాయమైనదే, చివరి మాట మాత్రం కాదు. ఫిల్ము ఒక పలకమీద చూపిస్తుంది. ఎరేలో డిటెక్టర్ల మధ్య మిల్లీమీటర్ల ఖాళీలుంటాయి. మెదడులో చిన్న గడ్డకి ఒకే సిట్టింగులో పెద్ద డోస్ ఇస్తున్నప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లలో డోస్ నిట్టనిలువునా పడిపోతుంది. అలాంటిచోట పలకకి పక్కన ఏం జరిగిందో ఎవరు చెప్పాలి? జెల్ దాదాపు నీరే, అంటే దాదాపు కండరమే. ఏ దిక్కునుంచి బీమ్ వచ్చినా ఒకేలా స్పందిస్తుంది, సీసాలో ప్రతి చుక్కా డిటెక్టరే.

రోజువారీ పనికి వాడమని నేనూ అనను. డోస్ అసలు విలువకి అయనైజేషన్ ఛాంబరే (రేడియేషన్ గాలిలో పుట్టించే విద్యుదావేశాన్ని కొలిచే పరికరం) ప్రమాణం, జెల్‌ని దానితో సరిచూసుకోవాలి. కొత్త టెక్నిక్ మొదలుపెట్టేటప్పుడు మొత్తం గొలుసుని, అంటే సీటీ స్కాన్ నుంచి బీమ్ పడేదాకా, ఒక్క పరీక్షలో చూడాలంటే జెల్‌కి సాటి వచ్చేవి తక్కువ.

పైడిమాంబ_వీధి
సరే, ఆ మెదడు గడ్డ ఉదాహరణ ఒప్పుకుంటాను. మామూలు కేసులకి మాత్రం ఎరే చాలంటాను ఇప్పటికీ.

లినాక్_కాపలా
మామూలు కేసులకి నేనూ ఎరేనే వాడతాను.

రిటైర్డ్_లెక్చరర్_ఎచ్చెర్ల
ఈ విద్య వయసు మీరనుకున్నదానికంటే ఎక్కువ. ఫ్రికే, మోర్స్ అనే ఇద్దరు 1927లోనే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో డోస్ కొలిచారు. ద్రావణంలో వచ్చిన మార్పు అంతటా కలిసిపోతుంది గనుక ఎక్కడ పడిందో తెలియదు, ఎంత పడిందో మాత్రమే తెలుస్తుంది. రంగు నిలబడాలని డే, స్టైన్ 1950లో జెల్‌లో రంగు పదార్థం కలిపి చూశారు. 1984లో గోర్ బృందం ఫ్రికే ద్రావణాన్ని జెల్‌గా చేసి ఎంఆర్ఐలో చదవొచ్చని చెప్పింది. 1993లో మరియాన్‌స్కీ వాళ్లు పాలిమర్ జెల్ తెచ్చారు. 1996లో మళ్లీ గోర్ బృందమే లేజర్‌తో ఆప్టికల్ సీటీ చేసి చూపించింది, ఎంఆర్ఐ దొరకని నీలాంటివాళ్లకి దారి అక్కడ పడింది నాయనా. స్లాట్ దొరకలేదని దిగులు పడకు. కెమెరా దారి తక్కువదేం కాదు.

వంశధార_గట్టు
నాకు ఫిజిక్స్ తెల్దు గాని ఒక మాట అడుగుతాను. మా భావనపాడు ఇసకలో మోనజైట్ ఉందని, అందులో థోరియం ఉందని చిన్నప్పట్నుంచి ఇంతన్నాం. ఈ జెల్ సీసా ఒకటి బీచ్‌లో పాతిపెడితే ఎంత రేడియేషన్ ఉందో తెలిసిపోద్దేటి?

లినాక్_కాపలా
తెలియదన్నా. జెల్ కొలిచేది గ్రేల్లో, గ్రే అంటే డోస్‌కి కొలమానం. కేన్సర్ వైద్యంలో ఒక రోజు సిట్టింగే సాధారణంగా 2 గ్రే. నేల నుంచి, ఇసక నుంచి మనకి వచ్చేది ఏడాదంతా కలిపినా మిల్లీగ్రేల్లో ఉంటుంది, మోనజైట్ ఇసకైతే ఇంకొంచెం ఎక్కువ. వెయ్యో వంతు అంటే జెల్‌కి అస్సలు కనబడదు. మూడు నెలలు పాతిపెడితే ఆ ఎండకి తనంతట తానే ఊదా అయిపోతుంది, అది చూసి ఊరంతా హడలిపోతుంది. ఇసకకి చిన్న డోసులు కూడా పట్టుకునే టీఎల్‌డీ బిళ్లలు వేరే ఉంటాయి, సర్వే మీటర్లుంటాయి.

వంశధార_గట్టు
అయితే ఒగ్గేత్తాను. హడలగొట్టకూడదు, అణు కరెంటు ప్లాంటు కడతామన్న కొవ్వాడ పేరెత్తితేనే మావోళ్లు నిద్రపోరు 😀

ఉద్దానం_కొబ్బరితోట
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి గొంతు కేన్సర్, విశాఖలో రేడియేషన్ నడుస్తోంది. ఇక్కడ 62 రావాల్సింది 70 వచ్చింది అని చదివి రాత్రి నిద్రపట్టలేదు. మిషన్ తప్పు డోస్ ఇస్తోందా?

లినాక్_కాపలా
@ఉద్దానం_కొబ్బరితోట లేదండీ. నిశ్చింతగా ఉండండి. ఇక్కడ తేడా వచ్చింది కొలిచే కెమెరాలో, మిషన్‌లో కాదు. రోజూ పొద్దున్న మొదటి పేషెంట్ బల్ల ఎక్కకముందే మిషన్ ఇచ్చే డోస్ సరిచూస్తాం. మీ నాన్నగారిది ఐఎంఆర్‌టీ (బీమ్ తీవ్రతని చోటుచోటుకీ మార్చి ఇచ్చే పద్ధతి) అయితే ఆయన ప్లాన్‌ని మనిషి లేకుండా ఒకసారి మిషన్‌మీద నడిపి, కొలిచినదీ లెక్కకట్టినదీ పోల్చే పద్ధతి ఉంది. 2018లో వచ్చిన అమెరికన్ మార్గదర్శకం ప్రకారం 3 శాతం డోస్ తేడా, 2 మిల్లీమీటర్ల దూరం లోపల కనీసం 95 శాతం బిందువులు కలవాలి. కలవకపోతే కారణం వెతుకుతారు. అక్కడి ఫిజిసిస్ట్‌ని కలిసి అడగండి, అడగడం మీ హక్కు. చూపించమంటే ఎవరైనా సంతోషంగా చూపిస్తారు.

ఇంకో మాట. గొంతుకి మాస్క్ బిగించినప్పుడు ఊపిరాడనట్టు ఉందని పెద్దవాళ్లు భయపడతారు. ఒళ్లు తగ్గి మాస్క్ వదులైతే వెంటనే టెక్నీషియన్‌కి చెప్పండి. మీరు ఇంటినుంచి గమనించగలిగే వాటిలో ముఖ్యమైనది అదే.

ఉద్దానం_కొబ్బరితోట
నిన్ననే మాస్క్ వదులుగా ఉందన్నారు నాన్న. రేపు చెబుతాను. మీ మేలు మరచిపోను సార్.

జీడిపప్పు_పలాస
మసక అంచు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు వాడుతున్న ఫెర్రస్ జెల్ (ఫ్రికే జెల్) మానేసి పాలిమర్ జెల్‌కి మారిపొమ్మంటాను. డోస్ పడినచోట మోనోమర్లనే చిన్న అణువులు గొలుసులు కట్టి, ముంజ ముదిరినట్టు తెల్లబడుతుంది. కట్టిన గొలుసు కదలదు, వారం తర్వాత చూసినా అంచు అంచులాగే ఉంటుంది. 2001లో వచ్చిన మ్యాజిక్ అనే రకమైతే ఆస్కార్బిక్ యాసిడ్, కాపర్ సల్ఫేట్ కలిపి ఆక్సిజన్‌ని కట్టేస్తారు కాబట్టి మామూలు గాల్లోనే చేసుకోవచ్చు.

లెన్సు_పిచ్చి
తెలుపు అంటే కాంతిని చెదరగొట్టడం. ఇతని స్కానర్‌లో ఇప్పుడే దొంగ వెలుతురు సమస్య, దానికి తోడు జెల్ కూడా వెలుతురు చెదరగొడితే ఇక చెప్పేదేముంది. లేజర్‌తో ఒక్కో కిరణం పంపి చదివే స్కానరైతే పాలిమర్ బాగుంటుంది. ప్యానెల్, కెమెరా పద్ధతికి రంగు మారే జెల్లే మేలు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
కొన్ని పాలిమర్ జెల్స్‌లో యాక్రిలమైడ్ ఉంటుంది. అది నరాలకి విషం, చర్మంగుండా లోపలికి పోతుంది. ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబులో పిల్లల చేత చేయించొద్దు, చేతులెత్తి చెబుతున్నాను. మ్యాజిక్‌లో వాడే మెథాక్రిలిక్ యాసిడ్ కూడా చర్మాన్ని కాలుస్తుంది. ఫ్రికే జెల్‌లో ఉన్నది పలచటి యాసిడ్, గ్లౌజులు కళ్లద్దాలు చాలు.

లినాక్_కాపలా
మసకకి కారణం ఆ మూడు గంటలే. ఫెర్రిక్ అయాన్ జెల్‌లో నిలకడగా ఉండదు, నెమ్మదిగా పాకుతుంది. జైలినాల్ ఆరెంజ్ ఉన్న జెలటిన్‌లో వ్యాపన గుణకం గంటకి అర చదరపు మిల్లీమీటరు అనుకుందాం. మూడు గంటల్లో వ్యాప్తి, రెండింతల గుణకం ఇంటూ కాలానికి వర్గమూలం, అంటే మూడుకి వర్గమూలం, 1.7 మిల్లీమీటర్లు. దీనివల్ల 80 శాతం నుంచి 20 శాతానికి పడే దూరం దాదాపు 2.9 మిల్లీమీటర్లు. మిషన్ సొంత అంచు 3.5 అనుకుంటే రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 4.5 మిల్లీమీటర్లు కనబడుతుంది. నీకెంత వచ్చింది?

నాగావళి_ఒడ్డు
ఇప్పుడే గ్రాఫు చూశానండి. 4.7. మీ లెక్కకి దగ్గరగానే ఉంది.

లినాక్_కాపలా
అయితే జెల్‌కి ఏ దోషమూ లేదు, ప్రయాణమే ఎక్కువైంది. స్కానరే ఆసుపత్రికి పట్టుకెళ్లు. తొట్టి, మోటారు, కెమెరా, ల్యాప్‌టాప్. బీమ్ ఇచ్చిన గది పక్కనే బల్ల అడిగి అరగంటలో స్కాన్ మొదలుపెట్టు.

రిటైర్డ్_లెక్చరర్_ఎచ్చెర్ల
ఎండల్లోకి వెళ్లకముందే ముగించెయ్యి నాయనా. 30 డిగ్రీలు దాటితే జెలటిన్ జారిపోవడం మొదలెడుతుంది, మన విజయనగరం మే నెలలో ఏసీ లేని గదిలో జెల్ జెల్‌గా ఉండదు. కరెంటు పోతే ఫ్రిజ్‌ని నమ్ముకోలేం.

వంశధార_గట్టు
మోసుకెళ్లడానికి రొయ్యల థర్మాకోల్ పెట్టి తీసుకో తమ్ముడూ. మాకాడ బోల్డున్నాయి. అడుగున ఐసు, పైన గుడ్డ, దానిమీద సీసా. ఐసు సీసాకి తగలకుండా సూసుకో.

కెమిస్ట్రీ_టీచరమ్మ
రొయ్యల పెట్టి మంచి ఆలోచన. సీసాకి నల్ల గుడ్డ కూడా చుట్టండి, వెలుతురు తగిలితే ఫెర్రస్ మారిపోతుంది. పెట్టిలోంచి తీశాక, బీమ్‌కి ముందే, గది వేడికి రావడానికి గంటన్నా ఇవ్వండి, లేకపోతే సీసా బయట చెమట పడుతుంది, లోపలి వక్రీభవనం కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

దొంగ వెలుతురు సరిచేశాక ఇంకో పరీక్ష చెయ్యండి. జెల్ బదులు అదే సీసాలో ఊదా రంగు ద్రావణం నింపండి. అది ఎంత కాంతిని పీలుస్తుందో (శోషణ) మీ స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 585 నానోమీటర్ల దగ్గర ముందే చదివి ఉంచుకోండి. సీసా అంతా ఒకే రంగు గనుక స్కాన్ స్లైసులో అడ్డంగా గీత గీస్తే తిన్నగా, ఆ విలువకే రావాలి. మధ్యలో గొయ్యి పడితే ఇంకా వెలుతురు చెదురుతోందని అర్థం. జెల్ వృథా చెయ్యకుండా స్కానర్‌ని ఎన్నిసార్లయినా పరీక్షించుకోవచ్చు.

లెన్సు_పిచ్చి
టీచరమ్మగారి పరీక్ష నా కడ్డీ పరీక్షకంటే మేలైనది. రెండూ చెయ్యి.

నాగావళి_ఒడ్డు
నాలుగు రోజులు ల్యాబులోనే ఉన్నాను. కడ్డీ మధ్యలో కెమెరా సున్నా చదవలేదు, పూర్తి వెలుతురులో 6 శాతం కనబడింది! ఎల్ఈడీ ప్యానెల్‌కి సీసా వెడల్పు మేరకే కిటికీ వదిలి మిగతాదంతా నల్ల చార్టుతో మూసేశాం. తొట్టి పక్క గోడలకి లోపల నల్ల షీటు వేశాం. ఇప్పుడు 1 శాతం కంటే తక్కువ. గ్లిజరిన్ కలిపాక గీతల కాగితం సీసా గుండా తిన్నగా కనబడింది. రంగు ద్రావణం స్లైసు మధ్యలో ముందు పెద్ద గొయ్యి ఉండేది, ఇప్పుడు చాలావరకు పూడింది. గోడ దగ్గర కూడా శుభ్రంగా ఉంది. వలయాలు మాత్రం పోలేదు.

లెన్సు_పిచ్చి
వలయం అంటే కదలనిదేదో ఉంది. సీసామీద గీతైతే సీసాతోపాటు తిరుగుతుంది, వలయం గియ్యదు. తొట్టి అద్దంమీద మరకో, కెమెరా సెన్సర్‌మీద దుమ్మో, గ్లిజరిన్ నీళ్లలో అద్దానికి అంటుకున్న బుడగో అయ్యుంటుంది. సీసా తీసేసి ఖాళీ తొట్టి ఫొటో ఒకటి పెట్టు, నేను చూస్తాను.

నాగావళి_ఒడ్డు
ఫొటో పెట్టాను. కుడివైపు మూడు చుక్కలు కనబడుతున్నాయి.

లెన్సు_పిచ్చి
బుడగలు. నీళ్లు ఒకసారి మరిగించి చల్లార్చి గ్లిజరిన్ కలిపితే కరిగిన గాలి పోతుంది. అద్దాన్ని మెత్తటి బ్రష్షుతో తుడువు, గుడ్డతో వద్దు, అక్రిలిక్ గీతలు పడుతుంది.

పైడిమాంబ_వీధి
మీ ల్యాబు విజయనగరంలో ఎక్కడ? నా దగ్గర ఓమ్నీ వ్యానుంది. ఆదివారమైతే విశాఖ తీసుకెళ్లి తీసుకొస్తాను. డీజిల్ అడగను, పెట్రోల్ బండి 😀 పెట్రోల్ కూడా అడగను. ఆ జెల్ కొలత నాకూ చూడాలనుంది.

నాగావళి_ఒడ్డు
అన్నా, నిజంగానా? కోట దగ్గరకి వస్తే నేనెదురొస్తాను. ఆసుపత్రి ఫిజిసిస్ట్‌గారు ఆదివారం ఉదయం మిషన్ ఖాళీ అన్నారు.

లినాక్_కాపలా
అయితే వినండి. తొట్టి ఖాళీగా తీసుకెళ్లండి, గ్లిజరిన్ నీళ్లు ముందురోజే కలిపి క్యాన్లలో పోసి అదే బండిలో పెట్టండి, రెండూ ఒకే వేడికి వస్తాయి. కాలిబ్రేషన్‌కి చిన్న గొట్టాలతోపాటు అదే సైజు సీసా ఇంకొకటి కాచి పట్టుకెళ్లండి. దానిమీద పైనుంచి 4×4 బీమ్ ఇప్పించి, ఛాంబర్‌తో కొలిచిన లోతు గీత వాళ్ల దగ్గరుంటుంది, అది తెచ్చుకుంటే ఒక్క సీసాలోనే బోలెడన్ని డోసులకి రంగు విలువలు దొరుకుతాయి. టీచరమ్మగారి సందేహం కూడా దాంతో తీరుతుంది. సీసా మూత కింద గాలి మిగలకుండా అంచుదాకా నింపు, పైన బుడగ ఉంటే మొదటి సెంటీమీటరు పనికిరాదు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
మూడో సీసా కూడా కాచండి. దానికి బీమ్ వద్దు. పెట్టిలో పక్కనే పెట్టి, తిరిగొచ్చాక రంగు ఎంత మారిందో చూడండి, ఆ మార్పు మిగతా రెండింట్లోంచి తీసెయ్యాలి.

నాగావళి_ఒడ్డు
మూడు సీసాలు, రెండు క్యాన్లు, రొయ్యల పెట్టి. శనివారం సాయంత్రం జెల్ కాస్తున్నాం, స్లైసులు రాగానే ఇక్కడే పెడతాను.